నీలిగీతల ప్రోగ్రాం

మార్చి 3, సోమవారం

ఈ డైరీ పోయిన ఏడాదిది. మందుల కంపెనీ వాళ్ళు ఆసుపత్రిలో పంచితే తెచ్చి అలమరలో పడేశాను. పైన అచ్చేసిన వారాలు కొట్టేసి రాసుకుంటున్నాను. రాయకపోతే రేపు "ఎప్పుడు జరిగింది మేడమ్, ఎన్నిసార్లు జరిగింది" అని అడిగినప్పుడు నోరు తెరుచుకుని నిలబడాలి. నా దగ్గర తేదీలుండాలి.

జరిగింది ఇది. పొద్దున తొమ్మిదికి కూర్చుని మొదటి ఆడియో ఫైలు మీద రెండుసార్లు నొక్కాను. నా పెడల్ ప్లేయర్ తెరుచుకోవాలి. పదకొండేళ్ళుగా డాక్టర్లు చెప్పే రిపోర్టులన్నీ దాంట్లోనే విని టైపు చేస్తున్నాను. కాలితో పెడల్ తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు, మడమతో తొక్కితే వెనక్కి వెళ్ళి అదే మాట మళ్ళీ అంటాడు. ఇంట్లో ఏ మొగుడూ ఇంత చెప్పినట్టు వినడు. అలాంటిది ఇవాళ వేరే ఏదో తెరుచుకుంది. నల్లటి తెర, మధ్యలో నీలిరంగు గీతలు పైకీ కిందకీ. పెడల్ తొక్కితే ఉలుకూ పలుకూ లేదు.

నేను మార్చలేదు. ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి, ఓపెన్ విత్‌లోకి వెళ్ళి, పెడల్ ప్లేయర్‌ని ఎంచుకుని, ఎప్పుడూ దీనితోనే తెరవాలి అన్న గడిలో టిక్కు పెట్టాను. దారికొచ్చింది.

మా టైపు గదిలో ఉన్నవి రెండు కుర్చీలు. ఒకటి నాది, ఒకటి కొత్తమ్మాయిది. నెలాఖరు తర్వాత ఒకటే ఉంటుందని సూపర్‌వైజరు పోయిన వారం చెప్పారు. చెప్పిన వారానికి నా ఫైళ్ళు వేరే దాంట్లో తెరుచుకోవడం మొదలైంది. అంతే రాస్తున్నాను. ఎవరినీ ఏమీ అనడం లేదు.

మార్చి 4, మంగళవారం

మళ్ళీ నీలిగీతలే. మళ్ళీ మార్చాను.

మార్చి 5, బుధవారం

ఇవాళా అంతే. మూడు రోజులు వరసగా జరిగితే అది పొరపాటు కాదు, పని.

కొత్తమ్మాయి అంటాం గానీ ఆవిడకి ఎనిమిదేళ్ళ కూతురుంది. వచ్చి ఏడు నెలలైంది. కాంట్రాక్టు మీద ఉంది. నెమ్మదస్తురాలు, నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. అలాంటివాళ్ళనే కనిపెట్టుకుని ఉండాలి. ఏదైనా అడిగితే జవాబు గొంతులోనే మింగేస్తుంది, రెండుసార్లు "ఏంటమ్మా" అనాలి. సూపర్‌వైజరు వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి చెవులు కొరుక్కుంటారు. నేను తల తిప్పితే ఆపేస్తారు.

ఈ పని ఆవిడకి నేర్పింది నేనే. మొదటి రోజే చెప్పాను. "అమ్మా, ఈ గదికి ఒకటే చట్టం. వినపడనిచోట ఊహించి రాయకూడదు. అక్కడ ఖాళీ గీత పెట్టు, పక్కన నిమిషం, సెకండు వెయ్యి, వదిలెయ్. ఆ ఖాళీ ఇంకో మనిషి విని నింపుతారు. మనం ఊహించిన మాట మింగేది ఒక రోగి." బుద్ధిగా తలూపింది. అప్పట్లో నా ఖాళీలు నెలకి రెండో మూడో ఉండేవి.

ఇవాళ పద్నాలుగు. పది ఒక్క పలచగొంతు డాక్టరమ్మవే. ఆవిడకి జలుబు చేసినట్టుంది. ఫోను నోటికి దగ్గర పెట్టుకుని చెప్పమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి.

మార్చి 6, గురువారం

కంప్యూటర్లు చూసే ఆయన్ని పిలిచాను. నా ఈడువాడే, ఎప్పుడూ మెడలో వైర్ల కట్ట. తెర వైపు చూస్తూ మాట్లాడతాడు, మనిషి మొహం చూసి మాట్లాడితే ఏమైనా అరిగిపోతాడేమో.

"ఏ రకం ఫైలు ఏ ప్రోగ్రాంలో తెరుచుకోవాలో సెట్టింగుల్లో ఒక జాబితా ఉంటుంది మేడమ్" అన్నాడు. "ఫైలు పేరు చివర చుక్క తర్వాత అక్షరాలు ఉంటాయి కదా, వాటిని బట్టి. మీ ఆడియో రకానికి ఎదురుగా ఎవరో ఈ ప్రోగ్రాం పెట్టారు."

"దానంతటది మారదా?"

"అప్‌డేట్లు వచ్చినప్పుడు ఒక్కోసారి మారుతుంది. రోజూ మారదు. మీ పాస్‌వర్డ్ ఎవరికైనా తెలుసా?"

తెలియదన్నాను. అది కీబోర్డు కింద చీటీ మీద రాసి ఉందని చెప్పలేదు. అది నేను మర్చిపోతానని కాదు, ఎందుకైనా మంచిదని పెట్టుకున్నది.

పోతూ పోతూ "ప్రోగ్రాం మంచిదే మేడమ్, రికార్డింగులు బాగుచేసేవాళ్ళు వాడతారు" అన్నాడు. ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో చూడాలి.

మార్చి 7, శుక్రవారం

కావాలని గట్టిగా అన్నాను, గదిలో ఎవరు వినాలో వాళ్ళు వినేలా. "కాలు ఆడని ప్రోగ్రాం నాకెందుకు? దీన్ని పెట్టిన మహాతల్లి ఎవరో పెడల్ కూడా పెట్టి ఉంటే బాగుండేది." కొత్తమ్మాయి తలెత్తలేదు.

ఇల్లు చేరేసరికి మా ఆయన గుమ్మంలో కొత్త బెల్లు బిగిస్తున్నారు. పాతది పనిచేయడం లేదని నేను గోల పెడితే నెలకి ఇప్పటికి కుదిరింది. సాయంత్రం పక్కింటావిడ వచ్చి ఎంతసేపు నిలబడిందో, ఇదీ మోగలేదు. "కొత్తది కూడా దండగదే తెచ్చారు" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఈమధ్య అస్సలు ఏమీ అనడం లేదు. పైగా కొత్త అలవాటొకటి, నేను ఉన్న గదిలోకి వచ్చేముందు లైటు ఒకసారి ఆర్పి వెలిగిస్తున్నారు. ఏం వేషాలో. ఫోను వస్తే వరండాలోకి పట్టుకుపోయి మాట్లాడుతున్నారు. నాకు తెలియకూడనిది ఏదో ఉంది.

ఖాళీలు: పదిహేడు.

మార్చి 10, సోమవారం

ఇవాళ తమాషా జరిగింది. నీలిగీతలు తెరుచుకున్నాయి. మారుద్దామని చెయ్యి పెట్టబోతూ అనుకోకుండా పెడల్ తొక్కాను. డాక్టరు మాట్లాడాడు. వదిలితే ఆగాడు. మడమతో తొక్కితే వెనక్కి వెళ్ళాడు.

శుక్రవారం నేను అన్న మాట సోమవారానికి అమలైంది. అంటే చేస్తున్నది ఎవరో విన్నారు, విని నా కంప్యూటర్‌లో కూర్చుని సరిచేశారు. ఎంత ధైర్యం.

సరే, పట్టుకోవాలంటే ముందు ఏమీ తెలియనట్టుండాలి. మార్చకుండా దాంట్లోనే పనిచేశాను. మధ్యాహ్నం మూడున్నరకల్లా అయిపోయింది. ఖాళీ ఒకటి. డాక్టరమ్మకి జలుబు తగ్గింది.

మార్చి 11, మంగళవారం

నీలిగీతల్లోనే. ఖాళీలు రెండు. పని తొందరగా అవుతోంది. ఇలా నన్ను అలవాటు చేసి, ఒకరోజు టక్కున తీసేస్తే చేతులు కాళ్ళు ఆడక నిలబడతానని వాళ్ళ లెక్క కావచ్చు. రేపటినుంచి నా పెడల్ ప్లేయరే.

మార్చి 12, బుధవారం

మార్చాను. ఖాళీలు పదహారు. డాక్టరమ్మకి జలుబు తిరగబెట్టింది.

మార్చి 13, గురువారం

టైపిస్టులకు ఏటా చేసే చెవుల పరీక్ష. గాజు పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి ఒక బొత్తాం ఇస్తారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. పరీక్ష చేసే ఆయన గాజుకి అవతల కూర్చుని తన యంత్రం మీద నొక్కుతుంటాడు. ఆయన వేలు కదిలినప్పుడల్లా నాకు కనిపిస్తుంది, పాపం ఆయనకి ఆ సంగతి తెలియదు. అయినా నేను వినే నొక్కాను. వేలు చూసింది అలవాటుకొద్దీ.

నూటికి తొంభై ఎనిమిది. ముప్పై ఏళ్ళ పిల్లలకు కూడా రాదన్నాడు.

నా తర్వాత వంతు కొత్తమ్మాయిది. బయట తలుపు దగ్గర నిలబడి నా వైపూ, ఆయన చేతి వైపూ మార్చి మార్చి చూస్తోంది. నేను బయటికి రాగానే ఏదో అడగబోయి ఆపేసింది. ఏం చూసిందో, ఎవరికి మోస్తుందో.

మార్చి 14, శుక్రవారం

దొరికింది. కీబోర్డు దులుపుతుంటే నా పాస్‌వర్డ్ చీటీ పక్కనే ఇంకో చీటీ. కొత్తమ్మాయి చేతిరాత, గుండ్రంగా ముత్యాల్లా ఉంటుంది. ఇలా ఉంది.

అక్క
డాక్టరమ్మ 12
పిల్లల డాక్టరు 9
ఎముకల డాక్టరు 4
పెద్ద డాక్టరు అక్కర్లేదు

నా తప్పుల పట్టిక. ఏ డాక్టరు దగ్గర ఎన్ని ఖాళీలు వదులుతున్నానో కూర్చుని రాసుకుంటోంది. అన్నం పెట్టిన చేతినే కరిచే రకం. చీటీ తెచ్చి ఈ డైరీలో పెట్టాను. ఒక్కటి నిజం, పెద్ద డాక్టరు గొంతు బొంగురుది, ఆయన దగ్గర నాకు ఖాళీలే ఉండవు. ఆ మాత్రం న్యాయంగా రాసినందుకు సంతోషించాలి.

మార్చి 17, సోమవారం

కంప్యూటర్ల ఆయన చేత చిట్టా తీయించాను. ఎప్పుడెప్పుడు సెట్టింగు మారిందో అందులో ఉంటుందట. నేను తిప్పేసిన ప్రతి మర్నాడూ పొద్దున ఎనిమిదీ పదికి. ఒకరోజు ఎనిమిదీ పన్నెండు. ఆ వేళకి నేను ఇంకా బస్సులో ఉంటాను. గేటు దగ్గర రిజిస్టరు చూశాను. కొత్తమ్మాయి కూతుర్ని బడి దగ్గర దింపి ఎనిమిదీ రెండుకి వస్తుంది.

అనుమానం ఉండడం వేరు, కాగితం మీద కనపడడం వేరు.

మార్చి 18, మంగళవారం

తేదీలన్నీ వరసగా ఎత్తి రాశాను. రెండు పేజీలు.

మార్చి 19, బుధవారం

సూపర్‌వైజరు గది. పెద్దమనిషే, మెల్లగా మాట్లాడతారు, మరీ మెల్లగా. నా రెండు పేజీలూ చదివారు, చిట్టా చూశారు, చీటీ చూశారు. కొత్తమ్మాయిని పిలిపించారు.

"వీరి కంప్యూటర్‌లో సెట్టింగు మార్చింది నువ్వేనా?"

తల ఊపింది. కనీసం అబద్ధం ఆడుతుందనుకున్నాను.

"ఎవరు మార్చమన్నారు?"

ఎవరూ అనలేదన్నట్టు చెయ్యి తిప్పింది.

"మరి ఎందుకు మార్చావమ్మా? కారణం ఏదో ఉంటుంది కదా."

ఆవిడ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను కూడా కళ్ళు దించలేదు. తర్వాత నేలచూపు చూస్తూ కూర్చుంది. సూపర్‌వైజరు మళ్ళీ అడిగారు, మూడోసారి కూడా అడిగారు. ఉహుఁ. బెల్లం కొట్టిన రాయిలా ఉంది. తప్పుచేసినవాళ్ళకి మాట ఎక్కడ పెగులుతుంది.

కాంట్రాక్టు ఇవాళ్టితో ఆపేశారు. సంచీ సర్దుకుని వెళ్ళేటప్పుడు నా టేబుల్ దగ్గర ఆగి ఏదో అంది. నేను తెర మీంచి చూపు తిప్పలేదు. ఏమందో వినలేదు. వినదలచుకోలేదు.

మార్చి 20, గురువారం

గదిలో ఒక కుర్చీ. నాది.

కంప్యూటర్ల ఆయన వచ్చి "ఆ ప్రోగ్రాం ఉంచమంటారా, తీసెయ్యమంటారా" అన్నాడు. వేళ్ళతో సహా పీకెయ్యమన్నాను. ఇప్పుడు ఫైలు మీద నొక్కగానే నా పెడల్ ప్లేయరే తెరుచుకుంటోంది. ప్రాణం హాయిగా ఉంది.

ఖాళీలు పందొమ్మిది.

మార్చి 21, శుక్రవారం

ఖాళీలు ఇరవై ఒకటి. రెండో మనిషి లేదు కాబట్టి ఇవి సూపర్‌వైజరు దగ్గరికే వెళ్తాయి. ఆయనే కూర్చుని విని నింపాలి. సాయంత్రం వచ్చి, "మేడమ్, రికార్డింగు బాగానే ఉందే, మీ హెడ్‌ఫోన్ ఏమైనా పాడైందా" అన్నారు. అయి ఉంటుందన్నాను. కొత్త హెడ్‌ఫోన్ ఇచ్చారు.

మార్చి 24, సోమవారం

కొత్త హెడ్‌ఫోన్ కూడా అంతంతమాత్రమే. ఈ ఆసుపత్రికి వచ్చే సామానంతా అంతే.

ఖాళీలు ఆరు. డాక్టరమ్మ చివర్లో ఏమంటుందో నాకు తెలియనిదా? పదకొండేళ్ళుగా ఆవిడ రిపోర్టులు టైపు చేస్తున్నాను. నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. తెలిసిన మాటకి ఖాళీ పెట్టడమెందుకు. అది ఊహించడం కాదు, గుర్తుండడం.

మార్చి 25, మంగళవారం

ఖాళీలు లేవు.

మార్చి 26, బుధవారం

రాయబుద్ధి కావడం లేదు. రాయాలి.

పదకొండింటికి డాక్టరమ్మ స్వయంగా టైపు గదికి వచ్చింది. చేతిలో నేను నిన్న టైపు చేసిన రిపోర్టు. ఒక ముసలాయనది, రక్తం పలచబడడానికి మందు వాడుతున్నాడు. చివరి వరస మీద వేలు పెట్టి చూపించింది. "మందులన్నీ యథాప్రకారం కొనసాగించాలి" అని ఉంది.

"ఇది నేను చెప్పలేదు" అంది.

"మీరెప్పుడూ చెప్పేదే కదండీ" అన్నాను. నా నోట్లోంచే వచ్చింది ఆ మాట.

"ఎప్పుడూ చెప్తాను. ఈయనకి చెప్పలేదు. పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది, ఆ మందు వెంటనే ఆపమని చెప్పాను. సంతకం పెట్టేముందు చదివాను కాబట్టి సరిపోయింది. రోజుకి నలభై పెడతాను, అన్నీ చదవను. మీరు టైపు చేశారంటే చదవను."

ఆవిడ మాటల్లో సగం నేను వినలేదు. పెదాలు చూసి అందుకున్నాను. ఎప్పటినుంచి పెదాలు చూస్తున్నానో నాకే తెలియదు.

వెళ్ళాక ఆ ఫైలు మళ్ళీ తెరిచాను. నా పెడల్ ప్లేయర్‌లోనే తెరుచుకుంది. శబ్దం చివరికంటా పెంచాను. మడమతో వెనక్కి తొక్కాను, ముందుకు తొక్కాను. చివర్లో పన్నెండు సెకండ్లు గాలి వీచినట్టు ఉంది, అక్కడక్కడ ఏదో మనిషి అలికిడి. అంతే. అలా ఇరవై సార్లు విన్నాను. ఇరవై సార్లూ గాలే.

నిన్న కూడా అక్కడ గాలే వినపడింది. దానిమీద నేను ఒక వాక్యం టైపు చేశాను.

ఆ ముసలాయన ఎవరో నాకు తెలియదు.

మార్చి 27, గురువారం

సెలవు పెట్టాను. మా ఆయన్ని వీధిలోకి వెళ్ళి తలుపు వేసి బెల్లు కొట్టమన్నాను. ఎందుకని అడగలేదు. వెళ్ళారు.

తలుపుకి ఇటువైపు చెయ్యి ఆనించి నిలబడ్డాను. కొట్టలేదు. మర్చిపోయారో, ఎవరైనా కనిపించి మాటల్లో పడ్డారో అనుకున్నాను. ఎంతసేపు చూసినా లేదు. విసుగొచ్చి తలుపు తీశాను.

ఆయన వేలు బెల్లు మీదే ఉంది. నొక్కే ఉంచారు.

"పాతది కూడా మోగేది" అన్నారు, నా మొహానికి ఎదురుగా వచ్చి, ఒక్కొక్క మాటా విడదీసి.

"మరి ఆ సంగతి నాకు చెప్పకుండా కొత్తది ఎందుకు బిగించారు?"

"నాలుగుసార్లు చెప్పాను. ఒకసారి రెండు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు. ఇంక బెల్లు మార్చడమే సుఖమనిపించింది."

లైటు ఆర్పి వెలిగించేది నేను ఉలిక్కిపడకుండా అట. ఫోను వరండాలోకి పట్టుకెళ్ళేది చెవి డాక్టరు దగ్గర రోజు అడగడానికట. రెండుసార్లు రోజు తీసుకుని, నాతో చెప్పే ధైర్యం లేక రెండుసార్లూ మానేశారట.

ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. ఆ తర్వాత డైరీ తెరిచి ఆ చీటీ తీశాను.

డాక్టరమ్మ 12. పిల్లల డాక్టరు 9. పెద్ద డాక్టరు అక్కర్లేదు.

ఖాళీలు ఏ రోజు ఎన్నో ఈ డైరీలో నేనే రాసుకున్నాను. నీలిగీతల రోజుల్లో ఒకటి, రెండు. మిగతా రోజుల్లో పదహారు, పదిహేడు. నా చేత్తో రాసి నేనే చదవలేదు.

మార్చి 28, శుక్రవారం

పొద్దున ఎనిమిదికి ముందే బడి గేటు దగ్గర నిలబడ్డాను. కొత్తమ్మాయి కూతుర్ని లోపలికి పంపి తిరిగేసరికి నేను ఎదురుగా ఉన్నాను. బెదిరిపోయింది. ఇంకేం తప్పు పట్టుకుని వచ్చానో అనుకుని ఉంటుంది.

చీటీ చూపించాను. "ఈ అంకెలేంటమ్మా?"

ఆవిడ మాట్లాడబోయి ఆగి, ఇంకొంచెం దగ్గరికొచ్చి, గొంతు పెంచింది. అంటే ఇన్నాళ్ళూ నా దగ్గర ఎలా మాట్లాడాలో తెలుసు, నలుగురి ముందూ బయటపడకూడదని పెంచలేదు.

"ఆ ప్రోగ్రాంలో సన్నటి శబ్దాలు మాత్రమే పెంచే మీట ఒకటి ఉంటుందక్కా. మీ ఖాళీలు చూసి, ఎవరి గొంతుకి ఎంత పెంచాలో నెల రోజులు లెక్కేసి రాసుకున్నాను. ఒక్కో డాక్టరు ఫైళ్ళకి ఒక్కోలా పెట్టేదాన్ని. మీ పాత ప్లేయర్‌లో ఆ మీట లేదు. అందుకే ఫైళ్ళు దీంట్లో తెరుచుకునేలా మార్చాను. మీరు తిప్పేసేవారు, నేను మర్నాడు పొద్దున మళ్ళీ పెట్టేదాన్ని."

"నాతో చెప్పచ్చుగా."

"రెండుసార్లు మొదలుపెట్టాను. మీకు చెవుల సంగతి ఎత్తితే కోపం వచ్చింది." నవ్వింది. "అంతా మీకోసమే అనుకోకండి. మీ ఖాళీలన్నీ నా నెత్తినే పడేవి. రోజుకి గంటన్నర. పాప బడి వదిలేవేళకి వెళ్ళలేకపోయేదాన్ని."

"మరి ఆరోజు సూపర్‌వైజరు అడిగితే నోరెందుకు విప్పలేదు?"

"విప్పితే మీ కుర్చీ పోయేది. పరీక్షలో వేలు చూసి నొక్కారని కూడా చెప్పాల్సొచ్చేది. నాకు ఇంకో చోట దొరుకుతుందిలే అనుకున్నాను."

"దొరికిందా?"

"ఇంకా లేదు."

ఆవిడ కళ్ళల్లోకి చూడలేకపోయాను. నేను నేర్పిన ఒక్క చట్టం ఆవిడ నిలబెట్టింది. తెలియనిచోట ఖాళీ వదిలింది, ఊహించి నన్ను మాట అనలేదు. నేనేమో ఆవిడ మీద రెండు పేజీలు ఊహించి రాశాను, తేదీలతో సహా.

"ఆరోజు వెళ్తూ నా టేబుల్ దగ్గర ఏమన్నావు?" అని అడిగాను.

"చీటీ జాగ్రత్తగా పెట్టుకోమన్నానక్కా. ఆ అంకెలు మళ్ళీ కనిపెట్టాలంటే నెల పడుతుంది."

మార్చి 31, సోమవారం

సూపర్‌వైజరు ముందు ఇంకో రెండు పేజీలు పెట్టాను. ఈసారి అన్నీ నేను చూసినవే. గాజు అవతలి వేలు, ముసలాయన రిపోర్టు, చీటీలో అంకెల అర్థం. కుర్చీ ఒకటే అయితే అది ఆవిడదని చివర రాశాను. కాంట్రాక్టు ఆపిన కాగితం వెనక్కి తీసుకోమని కూడా రాశాను.

చదివి కళ్ళజోడు తీశారు. "మేడమ్, ఇది ఫైల్లో పెడితే మళ్ళీ పరీక్షకి పంపాలి. ఆ తర్వాత మీరు ఈ గదిలో ఉంటారో లేదో నేను మాట ఇవ్వలేను."

"పెట్టండి" అన్నాను.

ఆవిడకి ఆయన నా ఎదురుగానే ఫోను చేశారు. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. ఈసారి అనుమానం రాలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

కొత్తమ్మాయి వచ్చింది. కంప్యూటర్ల ఆయన చేత నీలిగీతల ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించింది. ఓపెన్ విత్‌లోకి వెళ్ళి గడిలో టిక్కు మాత్రం నా చేత పెట్టించింది.

మధ్యాహ్నం పరీక్ష. అదే గాజు పెట్టె, అదే మనిషి. చెవులకు తగిలించి బొత్తాం చేతికిచ్చి వెళ్ళబోతుంటే ఒక్క నిమిషం అన్నాను. లేచి కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను. ఆయన ఏమనుకున్నాడో తెలియదు, వెనక ఉన్నాడు కదా.

ముందు బొంగురు శబ్దాలు వచ్చాయి. ఒక్కోదానికీ నొక్కాను. బాగానే ఉందే, అంత పోలేదే అనుకున్నాను కూడా. తర్వాత ఆగింది. ఏదో సర్దుకుంటున్నాడేమో అనుకుని బొత్తాం మీద బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాను. గోడ మీద సున్నం ఒకచోట పెచ్చులూడి ఉంది, దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో. వెనక్కి తిరిగి చూడాలని చాలాసార్లు అనిపించింది. తిరగలేదు.

భుజం మీద చెయ్యి పడింది. "రెండో సగం ఇక మొదలెట్టండి, నేను సిద్ధంగానే ఉన్నాను" అన్నాను.

"అయిపోయింది మేడమ్" అన్నాడు.

బయట కొత్తమ్మాయి చీటీ, పెన్నూ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన చేతిలోని కాగితం అడిగి తీసుకుని, పాత అంకెలు కొట్టేసి, నిలబడే కొత్త అంకెలు వేసింది.